ఎదురుగాలియు పెట్రోలు లెక్కయు

గడచిన శ్రావణమాసమున ఒక బంధువుల యింట వివాహమునకై మా కుటుంబము కారులో విజయవాడకు పోయి వచ్చినది. పోవునపుడు 12 లీటర్ల పెట్రోలు పట్టినది. వచ్చునపుడు 17 లీటర్లు పట్టినది. దారి అదియే, బండి అదియే, నడపిన మనిషియు అతడే. ఈ 5 లీటర్లు ఎచ్చటికి పోయెను?

లెక్కలో పొరపాటు లేదు. మన పేటకు పేరు తెచ్చిన ట్యాంకు ఒక చెఱువు. గోలకొండ కాలమున ‘మా సాహెబా’ యని గౌరవింపబడిన రాణి పేర అది వెలసినదని చెప్పుదురు. ఆ చెఱువు పోయి చాలకాలమైనది. మా బండి ట్యాంకును మాత్రము మాసబ్ ట్యాంకులో బయలుదేరునపుడు అంచువరకు నింపించితిని. విజయవాడ చేరగానే మరల అంచువరకు నింపించితిని. తిరిగి వచ్చి, బయలుదేరిన బంకుననే మూడవమారు నింపించితిని. ప్రతిమారును పట్టిన పెట్రోలే ఆ ప్రయాణపు ఖర్చు. విద్యార్థులకు కొలతల పాఠము చెప్పువాడనగుటచే ఇట్టి విషయములలో నాకు పట్టుదల కొంచెమెక్కువ.

ఆ పట్టుదలయే నన్నొక తప్పు చేయించినది. డ్రైవరు దినబత్తెమునకు కుదిరినవాడు. తిరుగు ప్రయాణమున సూర్యాపేటలో మేము భోజనమునకు దిగినప్పుడు అతడు బండి యొద్దనే యుండెను. అటుపిమ్మట, “ఎదురుగాలి ఎక్కువున్నది సార్, పైన సామాను కూడ ఉన్నది, కొంచెం నెమ్మదిగ పోదాం” అని చెప్పి, అదివరకు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్న బండిని 70కి తగ్గించెను. చీకటి పడకముందే యిల్లు చేరవలెనన్న తొందరలో నేనతనిని విసుగుకొంటిని. ఇంటి యొద్ద 17 లీటర్ల రసీదు చూచినంతనే నా మనస్సు సూర్యాపేటకు పోయినది. ఏమియు పైకి అనలేదు గాని, ఒప్పుకొన్న బత్తెములో కొంత తగ్గించి యిచ్చితిని. ఎందులకని అతడు అడుగలేదు. అడుగకపోవుటయు నాకు సాక్ష్యముగనే తోచినది!

రెండు వారములు గడచిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలుడొకడు తరగతిలో లేచి, “సార్, శంషాబాద్ ఎయిర్‌పోర్టుల విమానాలు వానకాలంల పడమటి దిక్కుకే ఎందుకు లేస్తయి?” అని యడిగెను. చదువరులలో పెద్దలకు బేగంపేట విమానాశ్రయము జ్ఞాపకముండును. 2008వ సంవత్సరమున శంషాబాదు తెరువబడువరకు ప్రయాణికుల విమానములన్నియు అచ్చటనే దిగుచుండెడివి. బేగంపేటలోను శంషాబాదులోను రన్‌వేలు తూర్పుపడమరలుగనే యున్నవి. వాని తూర్పు కొనను 27 అనియు, పడమటి కొనను 09 అనియు అంకెలు వ్రాయబడి యుండును. అవి దిక్సూచి డిగ్రీలను పదిచేత భాగింపగా వచ్చిన అంకెలు. 270 డిగ్రీలన పడమర, 90 డిగ్రీలన తూర్పు. హైదరాబాదులో నైరుతి ఋతువున బలమైన గాలులు పడమటినుండి వీచును. విమానమునకు కావలసినది నేలమీది వేగము కాదు, గాలితో పోల్చిన వేగము. కావున అది గాలి కెదురుగా పరుగెత్తి త్వరగా లేచును.

ఇంతవరకు చెప్పి, నల్లబల్లపై పడమటినుండి తూర్పునకొక బాణపు గుర్తు గీచితిని. గీచిన చేయి అచ్చటనే నిలిచిపోయినది. విజయవాడ మనకు ఆగ్నేయ దిశగా, చాలవరకు తూర్పుగనే యున్నది. శ్రావణమాసపు గాలి మమ్ము పోవునపుడు వెనుకనుండి త్రోసినది, వచ్చునపుడు ముఖముపై కొట్టినది. డ్రైవరు చెప్పిన మాటయే అది.

ఆ సాయంకాలము కూర్చుండి వేసిన లెక్కను ఇచ్చట విద్యార్థులకును, బండి గల తల్లిదండ్రులకును విప్పి చెప్పెదను. అంకెలన్నియు మా వంటి చిన్న కారునకు ఉజ్జాయింపుగా వేసికొన్నవి. ఒక్కొక్క కారునకు కొంత కొంత మారును గాని వాని పోకడ మారదు.

సమతలమైన రోడ్డుపై ఒకే వేగమున పోవు బండిని ముఖ్యముగా రెండు శక్తులు వెనుకకు లాగుచుండును. మొదటిది చక్రముల దొర్లుడు నిరోధము. రబ్బరు టైరు రోడ్డున కానినచోట నొక్కుకొని, మరల సాగుచు, ఆ పనిలో కొంత శక్తిని వేడిగా పోగొట్టుకొనును. ఇది బండి బరువులో సుమారు నూరవవంతు. మనుష్యులతో గూడ 1,300 కిలోలు తూగు మా బండికి 13 కిలోల లాగుడన్నమాట. వేగము పెరిగినను ఇది అంతగా పెరుగదు.

రెండవది గాలి. గాలి కంటికి కనబడదు గాని దానికిని బరువు కలదు. మన ఎత్తున, వేసవి వేడిలో, ఒక ఘనమీటరు గాలి దాదాపు 1.1 కిలో తూగును. బండి ముందున్న గాలిని ప్రక్కలకు నెట్టవలెను. దాటిపోయిన పిమ్మట బండి వెనుక ఖాళీయైన చోట గాలి సరిగా కూడుకొనక సుడులు తిరుగును. అచ్చట పీడనము తగ్గి బండిని వెనుకకు పీల్చును. ముందు త్రోపు, వెనుక పీల్పు, ఈ రెండును కలిసి వాయునిరోధము. జనులు ముందుభాగమునే చూచి, మొగము కోసుగా నున్నచో చాలుననుకొందురు. కాని చాలవరకు నష్టము కలిగించునది వెనుకభాగమే. నీటిలోని చేప ముందు గుండ్రముగను వెనుక సన్నముగను ఉండుట చూడుడు.

ఈ నిరోధము వేగమునుబట్టి కాక వేగవర్గమునుబట్టి పెరుగును. ఏలయన, వేగము రెట్టింపైనచో ఒక సెకనులో ఎదురుపడు గాలి రెట్టింపగును. అంతియ కాక, ఆ గాలిలో ప్రతి కిలోకును రెట్టింపు వేగము కల్పించి నెట్టవలసి యుండును. రెండు రెట్లును రెండు రెట్లును కలిసి నాలుగు రెట్లు. మా బండికి గంటకు 100 కిలోమీటర్ల వేగమున వాయునిరోధము 30 కిలోలనుకొన్నచో, 60 కిలోమీటర్లకు అది 11 కిలోలే, 80కి 19 కిలోలు, 120కి 43 కిలోలు. ఊరిలో మెల్లగా పోవునప్పుడు చక్రముల నిరోధమే పెద్దది. 70 చేరులోపల రెండును సమానమగును. అటుపైన గాలిదే రాజ్యము.

హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై వేగపరిమితిని 2023వ సంవత్సరమున 100 నుండి 120కి పెంచిరి. అచ్చట 40 కిలోమీటర్లు పోవువానికి దీనివలన కలిసివచ్చునది నాలుగు నిమిషములు. లాగుడు మాత్రము 43 కిలోలనుండి 56 కిలోలకు, అనగా ప్రతి కిలోమీటరునకు నూటికి ముప్పదివంతులు పెరుగును. నాలుగు నిమిషములకు ఆ వెల తగునా యన్నది ఎవరికి వారు తేల్చుకొనవలసినదే. నాకు మాత్రము తగదని తోచును.

ఇక గాలి వీచినప్పటి సంగతి. నిరోధమునకు కారణమైన వేగము బండి వేగము కాదు, బండికిని గాలికిని గల సాపేక్ష వేగము. 80 వేగమున పోవు బండికి 20 వేగముగల గాలి ఎదురైనచో, గాలి దృష్టిలో అది 100 వేగమున పోవుచున్న బండియే. నిరోధము 19 కాదు, 30 కిలోలు. అదే గాలి వెనుకనుండి వచ్చినచో సాపేక్ష వేగము 60. నిరోధము 11 కిలోలు. ఎదురుగాలివలన కలిగిన నష్టము 11 కిలోలు, వెన్నుగాలివలన కలిగిన లాభము 8 కిలోలే! పోవునపుడు లాభము, వచ్చునపుడు నష్టము కావున రెండును చెల్లునని మన పెద్దలలో పలువురు తలంతురు. చెల్లవు. రాకపోకలు రెండును కలుపుకొన్నచో, గాలి వీచిన దినమున ఖర్చు నిశ్చలముగా నున్న దినముకంటె ఎప్పుడును కొంచెమెక్కువయే. దీనికి కారణము వర్గమే. పై తరగతుల విద్యార్థులు 100 వర్గమును 60 వర్గమును కూడి, దానిని 80 వర్గమునకు రెట్టింపుతో పోల్చి చూచుకొనవచ్చును.

ప్రక్కగాలియు మేలు చేయునది కాదు. సూటిగా ప్రక్కనుండి 20 వేగమున వీచినను వాయునిరోధము నూటికి మూడువంతులు పెరుగును. బండి ఆకృతి ముందునుండి వచ్చు గాలికై తీర్చబడినదే గాని ప్రక్కవాటపు గాలికై కాదు గనుక నిజమునకు పెరుగుదల అంతకంటెను ఎక్కువగనే యుండును. బాహ్యవలయ రహదారి 158 కిలోమీటర్ల చుట్టు. గాలి వీచు దినమున దాని నంతటిని ఒకమారు చుట్టివచ్చినచో, ఒకవైపు వెన్నుగాలి, ఒకవైపు ఎదురుగాలి, మిగిలిన రెండువైపుల ప్రక్కగాలి తగులును. ఆ చుట్టు ముగిసిన పిమ్మట గాలి మనకు బాకీపడుట కల్ల. మనమే దానికి బాకీపడుదుము.

విజయవాడ దారికి వత్తము. వాతావరణశాఖవారు గాలివేగమును నేలకు 10 మీటర్ల ఎత్తున కొలుతురు. నేలకు చేరువగా చెట్లు, గట్లు, ఇండ్లు అడ్డుట చేత అది తగ్గును. కావున కారు ఎత్తున సగటున గంటకు 10 కిలోమీటర్ల గాలినే లెక్కలోనికి తీసికొంటిని. బండి వేగము 80. పోవునపుడు సాపేక్ష వేగము 70, వాయునిరోధము 14.7 కిలోలు. వచ్చునపుడు 90, నిరోధము 24.3 కిలోలు. భేదము 9.6 కిలోలు. దారి 275 కిలోమీటర్లు, అనగా రెండు లక్షల డెబ్బదియైదు వేల మీటర్లు. హెచ్చించినచో 26 లక్షల కిలోగ్రాము-మీటర్ల పని. ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 లక్షల కిలోగ్రాము-మీటర్ల శక్తి యుండును. అందు మూడువంతులు ఇంజనులోను, పొగగొట్టములోను, రేడియేటరులోను వేడిగా పోగా, చక్రములకు చేరునది నాలుగవవంతు, 8 లక్షలు. కావున గాలి భేదమునకే మూడు లీటర్లకు పైగా ఖర్చు!

ఇంకొక సంగతి నాకు మొదట తోచనేలేదు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. విజయవాడ కృష్ణ యొడ్డున, సముద్రమట్టమునకు కొలది మీటర్లే పైన నున్నది. హయత్‌నగరము, చౌటుప్పలు, నకిరేకల్లు, సూర్యాపేట, కోదాడ దాటి నందిగామకు పోవు ఆ దారిలో కనుమలు లేవు. పల్లము కంటికి తెలియదు. అయినను మొత్తముమీద 500 మీటర్లు దిగుదుము. 1,300 కిలోల బండిని 500 మీటర్లు ఎత్తుటకు ఆరున్నర లక్షల కిలోగ్రాము-మీటర్లు కావలెను. పోవునపుడు ఆ శక్తి భూమి మనకిచ్చును, వచ్చునపుడు మననుండి పుచ్చుకొనును. రాకపోకల భేదము 13 లక్షలు, అనగా ఒకటిన్నర లీటరునకు పైన. (ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడుటచే హైదరాబాదున వాయునిరోధము సముద్రతీరముకంటె నూటికి అయిదారువంతులు తక్కువ. ఇది చిన్న ఊరట.)

మూడవది మా స్వయంకృతము. పోవునపుడు బండిపై ఏమియు లేదు. వచ్చునపుడు పెండ్లివారిచ్చిన ఇత్తడి బిందెలు, మామిడితాండ్ర పెట్టెలు, దారిలో ఇబ్రహీంపట్నమువద్ద కొన్న కొండపల్లి బొమ్మల బుట్ట, అన్నియు పైన క్యారియరునకెక్కించి టార్పాలిను కప్పి త్రాళ్లతో బిగించితిమి. దాని అంచు ఒకటి ఊడి, నకిరేకల్లు వఱకు టపటప కొట్టుకొనుచునే యుండెను. అమెరికా ప్రభుత్వపు శక్తిశాఖవారి లెక్కప్రకారము కారుపై నిలిపిన పెద్ద సామాను పెట్టె రహదారి ప్రయాణమున నూటికి 6 నుండి 17 వంతుల వరకు మైలేజి తగ్గించును. వేగము మరింత ఎక్కువైన పెద్ద రహదారులలో 25 వంతుల వరకును పోవును. అదే సామాను వెనుక తగిలించినచో నష్టము 5 వంతులకు మించదు. ముందే చెదరిపోయిన సుడులలో అది దాగుటయే దీనికి కారణము. మా మూటకు నూటికి పదివంతులు వేసికొన్నను ఒకటిన్నర లీటరు.

గాలికి మూడుంబావు, ఎత్తునకు ఒకటిన్నరకు పైన, మూటకు ఒకటిన్నర. మొత్తము ఆరు లీటర్లు దాటినది. కాని భేదము వచ్చినది 5 లీటర్లే! దొంగిలింపబడెనని నేను తలచిన చోట లెక్కప్రకారము ఒక లీటరు మిగిలి యున్నది. ఇంజను తేలికగా పనిచేయునపుడు దాని సామర్థ్యము తగ్గును గనుక పోవునపుడు రావలసిన లాభము కొంత చేతికి రాకపోయి యుండవచ్చును. అది కొంత సర్దుబాటు. కాని పెద్దభాగము వేరొకచోట దొరికినది. సూర్యాపేటనుండి హైదరాబాదునకు దాదాపు 135 కిలోమీటర్లు డ్రైవరు 80 కాక 70 వేగమున నడపెను. సాపేక్ష వేగము 90 నుండి 80కి దిగినది. నిరోధము 5 కిలోలు తగ్గినది. ఆ పొదుపు లీటరులో ఎనుబదివంతులకు పైగా వచ్చినది. నేను విసుగుకొన్నది ఆ పొదుపుపైననే.

కార్ల కంపెనీలవారు ప్రకటించు మైలేజి మనకేల రాదని పలువురు తల్లిదండ్రులు అడుగుచుందురు. పుణెలోని ఆరాయి వంటి సంస్థలలో బండిని శాలలోపల దొర్లుడు పీపాలపై నిలిపి, వేగమును నిర్ణీత పట్టిక ప్రకారము హెచ్చించుచు తగ్గించుచు ఖర్చు కొలుతురు. ఆ పట్టికలో వేగము 90ని దాటదు. సగటున అందులో మూడవవంతు మాత్రమే. అచ్చట ఎదురుగాలి లేదు, ప్రక్కగాలి లేదు, టార్పాలినును లేదు. అది మోసము కాదు. బండికిని బండికిని పోల్చుటకైన కొలత.

బండి ఆకృతిచే గాలిని జయింపవచ్చునని తొలుత పట్టుదలతో చెప్పినవారిలో పాల్ యారై అను ఇంజనీరు ముఖ్యుడు. ఆయన జెప్పెలిను ఆకాశనౌకలను నిర్మించిన పిమ్మట 1920 తరువాతి దశాబ్దమున కార్లవైపు తిరిగెను. 1934వ సంవత్సరమున చెకొస్లొవేకియాలో టాట్రా 77 అను కారును, అమెరికాలో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో అను కారును ఈ దృష్టితో నిర్మించి అమ్మకమునకు పెట్టిరి. రెండవదానిని జనులు చూచి నవ్విరే గాని కొనలేదు. మన చౌమహల్లా ప్యాలెసులో నిజామువారి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్టు నేటికిని చూడవచ్చును. సింహాసనమువలె ఎత్తుగా కట్టబడిన ఆ బండికి గాలితో పనిలేదు. ఊరేగింపు వేగమున గాలి ఎవరిని అడ్డదు. ఆకృతి మంచిచెడ్డలను తెలుపు అంకె చదునైన పలకకు ఒకటికి కొంచెము పైన, నేటి కార్లకు 0.3 ప్రాంతమున, నీటిబొట్టువంటి రూపునకు 0.05 ప్రాంతమున నుండును. అనగా ప్రకృతి యింకను మనకంటె ఆరు రెట్లు ముందున్నది.

కిటికీల సంగతియు అడుగుదురు. ఊరిలో మెల్లగా పోవునపుడు ఏ.సి. ఆపి అద్దములు దించుటయే పొదుపు. వేగముగా పోవునపుడు తెరచిన కిటికీలోనికి గాలి దూరి బండిని పట్టి లాగును గనుక మూయుట మేలు. లారీ వెనుక చేరువగా పోయినచో గాలి తగ్గుననుట నిజమే. కాని లారీవాడు బ్రేకు వేసినచో మనకు మిగులునది పెట్రోలు మాత్రమే. దాని జోలికి పోరాదు.

శీతకాలమున గాలులు తూర్పువైపునుండి మెల్లగా వీచును. అప్పుడు విజయవాడకు పోవునపుడే ఎదురుగాలి. పల్లమిచ్చినదానిలో కొంత గాలి తీసికొనును గనుక రాకపోకల భేదము తగ్గవలెను. సంక్రాంతికి పోయినప్పుడు మూడుమార్లును ట్యాంకు అంచువరకు నింపించి చూడదలచితిని.

లెక్క పూర్తియైన రాత్రియే డ్రైవరునకు ఫోను చేసితిని. మరునాటి యుదయమున అతడు వచ్చెను. తగ్గించిన బత్తెము చేతికిచ్చి, ఎందులకు తగ్గించితినో దాచక చెప్పితిని. అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “నాకు తెలుసు సార్” అని, బండి వైపు చూచి, “ఆ క్యారియర్ ఇంకా తీయలేదా?” అని యడిగెను. పానా తెప్పించి ఇద్దరమును కలిసి ఊడదీసితిమి.